అన్ని ఫొటోలల్ల ఉన్న కాక

మెదక్‌ల బస్టాండు నుంచి చౌరస్తాకు పోయే తొవ్వల మాకొక ఫొటో స్టూడియో ఉన్నది. మా ఆయన వీడియో తీస్తడు, నేను ఫొటోలు తీస్త. పెండ్లయిన కొత్తల నాకు కెమెరా పట్టుడే రాకపోతుండె. ఒకసారి హవేలిఘనపూర్ దిక్కు ఒక ఫంక్షన్‌ల, పిల్లకు చీర కట్టే అర్రలకు మొగోళ్లు రావద్దన్నరని మా ఆయన కెమెరా నా చేతుల పెట్టి, ఈ బటన్ ఒత్తు చాలు అన్నడు. ఆ దినం తీసినయి సగం వంకరగ వచ్చినయి. మిగిలిన సగం చూసి పిల్ల తల్లి మస్తు సంబురపడ్డది. అప్పటి నుంచి నేను కెమెరా ఇడువలేదు.

పొద్దుగాల పాస్‌పోర్ట్ ఫొటోల గిరాకీ అయిపోయినంక పగటిపూట మాకు పెద్దగ పని ఉండది. ఆ టైముల కెమెరా మెడకేసుకొని మెట్ల మీద నిలబడుడు నాకు అలవాటైంది. మా ముంగటి రోడ్డు ఊకె ఉండే రోడ్డు కాదు. ఒకనాడు ఒకాయన బైకు మీద బీరువ అద్దం తీస్కపోతుండె. ఎనుక కూసున్న తమ్ముడు అద్దాన్ని బయటి దిక్కు తిప్పి పట్టుకున్నడు. ఇగ ఎనుకనుంచి వచ్చే బండ్లోళ్లంత హారన్ కొట్టుడు మర్చిపోయి, ఆ అద్దంల మొకం చూసుకుంట, మీసాలు సవరించుకుంట చౌరస్తా దాక పోయిండ్రు. ఇంకోనాడు చేగుంట నుంచి వచ్చిన ఆటోల డ్రైవర్ పక్కన ఒక మేక కూసున్నది. ట్రాఫిక్ పోలీసాయన చెయ్యి అడ్డం పెడితె డ్రైవర్ కన్న ముందుగాల మేకనే ఆయన దిక్కు తిరిగి చూసింది. బోనాలప్పుడు పోతరాజు ఏషం కట్టినాయన కొరడా సంకల పెట్టుకొని, చెరుకురసం బండి కాడ, ఐస్ ఎయ్యకు గొంతు పడతది అని మెల్లగ బతిమాలుకుంటుంటె తీసిన. క్రిస్మస్ దినాలల్ల చర్చి ముంగటి గడ్డి మీద పల్లెలకెల్లి వచ్చినోళ్లు టిఫిన్లు ఇప్పుకొని కూసుంటరు గద, అక్కడ ఒక ముసలామె నడుమ పండుకొని నిద్రపోతుండె. మనుమలు ఆడుకునేటందుకు పోతూ, తిరిగొచ్చినంక ఆమె జల్ది దొరకాలని ఆమె చేతికి ఎర్ర గాలిబుగ్గ కట్టి పోయిండ్రు.

ఇవన్ని ఎవలు చూస్తరు, హార్డ్ డిస్క్ నిండుతున్నది అని మా ఆయన అప్పుడప్పుడు గులిగెటోడు. నేను చూస్త అని చెప్పెటిదాన్ని.

చూసే మనిషి ఇంకొకామె కూడ దొరికింది. చర్చి దిక్కు ఉండే ఒక టీచరు నాకు దోస్తు. బడిల డ్రాయింగు చెప్తది. పిల్లల ఫొటోలు తీయించేటందుకు వచ్చి వచ్చి దగ్గరైంది. ఒక ఏడు బడి ఆన్యువల్ డే ముంగట వచ్చి, అక్కా, నువ్వు రోడ్డు మీద తీసిన ఫొటోలు కొన్ని ఇయ్యి, వరండల గోడకు పెడ్త, పిల్లలు మన ఊరిని చూసుకుంటరు అన్నది. నాకు లోపల ఎంత సంతోషమైందో పైకి చెప్పలె. ఏండ్ల నుంచి తీసినయన్ని తిరగేసి, నలభై ఏరి, పెద్ద సైజుల ప్రింట్లు తీసి స్టూడియోల చాపల మీద పరిచిన.

టీచరు చెప్పులు బయట ఇడిచి, వాటి నడుమ మెల్లగ నడుసుకుంట చూస్తున్నది. నవ్వుతున్నది. మధ్యల ఆగింది. వంగి ఒకటి చూసింది. ఇంకొకటి చూసింది. వచ్చిన తొవ్వల మళ్ల ఎనుకకు పోయింది. చేతిల పెన్సిల్‌తోని ఒక మనిషిని చూపెట్టి అడిగింది.

"అక్కా, ఈయన మీకేమైతడు? మీ మామనా?"

నేను వంగి చూసిన. అరవై దాటిన మనిషి. తెల్లంగి. సన్నగ, నిటారుగ ఉన్నడు. అంగీ కాలర్‌కు ఎనుక దిక్కు నీలం ఛత్రి తగిలేసుకున్నడు. ఎవలో నాకు తెల్వదు. అదే మాట చెప్పిన. తెల్వకపోతె ఇన్నిట్ల ఎందుకున్నడు అని ఆమె ఒక్కొక్కటే చూపెట్టుడు మొదలుపెట్టింది. ఒక పార్టీ మీటింగుల మొదటి వరుసల కూసొని చప్పట్లు కొడుతున్నడు. దానికి ఎదురు పార్టీ మీటింగుల కూడ గట్లనే కొడుతున్నడు. బస్సు కావాలని జేసిన ధర్నాల పిడికిలి ఎత్తి ఉన్నడు. పోతరాజు ఎనుక ఉన్నడు. చర్చి గడ్డి మీద ఎవలదో కుటుంబం పక్కన కూసొని కేకు తింటున్నడు. కంటి క్యాంపు లైన్ల ఉన్నడు. పెండ్లి బారాతుల రెండు చేతులు లేపి ఎగురుతున్నడు. నలభై ఫొటోలల్ల పదకొండింట్ల ఆయన ఉన్నడు. ఇవన్ని ఒక్క ఏడువి కావు, ఏండ్లు తేడా. అంగీ మాత్రం తెల్లదే, ఛత్రి నీలందే.

మేం ముందుగాల నవ్వినం. తర్వాత హార్డ్ డిస్క్ తెరిచి, ఏరకుండ ఇడిచిపెట్టిన ఫొటోలు కూడ చూసినం. అందుల ఇంకా మస్తుగున్నడు. అప్పుడు జర భయమైంది నాకు. ఇన్నేండ్లు నా కండ్ల ముంగట ఉన్న మనిషిని నా కన్ను ఒక్కసారి కూడ పట్టలేదు, కెమెరా పట్టింది. టీచరేమో ఈయన మఫ్టీల తిరిగే పోలీసు అయ్యుంటడు అన్నది. మా ఆయన, బువ్వ ఎక్కడ పెడితె అక్కడికి పోయెటోడు ఉంటడు అన్నడు. రెండూ నా మనసుకు పట్టలె. ఆ మొకంల దొంగతనం లేదు, ఆకలి లేదు. పండుగ నాడు సొంతింట్ల కూసున్న మనిషి మొకం అది.

ఇగ ఆయనను ఎతుకుడు మొదలుపెట్టిన. ఎదురుంగ ఉన్న చాయ్ హోటలాయనకు ఫొటో చూపిస్తె, గీ కాక తెల్వనోళ్లు ఎవలున్నరమ్మా అన్నడు. ఎవలాయన, ఏడ ఉంటడు అంటె మాత్రం తలకాయ గోక్కున్నడు. ఆ బారాతుల వాయించిన బ్యాండు మాస్టర్‌ను అడిగిన. కాక పెండ్లి పిల్లగాని దిక్కు పెద్దమనిషి, ప్రతి పెండ్లికి వస్తడు అని చెప్పి, చెప్పినంక తనే ఆలోచనల పడ్డడు. అన్ని పెండ్లిళ్లల్ల పిల్లగాని దిక్కు ఎట్లయితడని. ఆ ఫొటోల ఉన్న పెండ్లోళ్లను అడిగితె, ఆయన బ్యాండు వాళ్ల మనిషి గద అన్నరు. ధర్నా చేసినోళ్లేమో ఆయన పక్కూరి తరఫున వచ్చిండనుకున్నరు. ఊరంత ఆయనను గుర్తుపడుతున్నది, ఆయన ఎవలి మనిషో మాత్రం ఎవలికి తెల్వదు.

పది దినాలు గడిసినయి. ఒకనాడు చౌరస్తా కాడ కొత్త బట్టల దుకాణం ఓపెనింగ్ ఉండె. టీవీల కనబడే ఒక పిల్ల రిబ్బన్ కట్ చేస్తదని మైకుల రెండు దినాల నుంచి చెప్తుండ్రి. రోడ్డు బందయ్యేంత జనం వచ్చిండ్రు. చెట్ల మీద, డీసీఎం వ్యాను మీద, నీళ్ల ట్యాంకరు మీద మనుషులే. నేను ఆ పిల్లను తీయాలని పోయి, ఎవలి భుజం కిందికెల్లి చూసినా నీలం ఛత్రి కోసమే చూస్తున్న. కనబడ్డది. జనాన్ని తోసుకుంట పోయి ఆయన ముంగట నిలబడ్డ. ఏమని పిలవాలె, ఏమని అడగాలె అని తడబడుతుంటె, ఆయనే కాలర్ సదురుకొని నవ్విండు.

"ఇయ్యాల జర ఆలిశమైనవ్ బిడ్డా. ఏడికి పోయిందో అనుకుంటున్న."

ఆయన చెప్పిండు, నన్ను ఏండ్ల నుంచి చూస్తున్నడట. ఏ గుంపుల చూసినా మెడల కెమెరాతోని ఈ పిల్లనే కనబడుతది, ఎవలి మనిషో ఏమో అని ఆయన కూడ నలుగురిని అడిగిండట. ఒకలు పేపరామె అన్నరట, ఒకలు పార్టీ మనిషి అన్నరట. అది ఇని నేను రోడ్డు నడుమ నిలబడి నవ్విన. ఆ టీవీ పిల్ల రిబ్బన్ ఎప్పుడు కత్తిరిచ్చిందో మేమిద్దరం చూడలె.

చాయ్ హోటల్‌ల కూసున్నం. కాకది కుల్చారం దిక్కు ఊరు. మంజీర ఒడ్డున నీళ్లు ఎక్కిచ్చే పంపుహౌజుల వాచ్‌మన్‌గ ముప్పై ఏండ్లు చేసిండట. చుట్టుముట్టు ఒక్క ఇల్లు లేదు. పెండ్లాం ఉన్నన్ని దినాలు ఆమెతోని మాట్లాడెటోడు. ఆమె పోయినంక ఆ పంపుహౌజే ఆయనకు దునియ.

"మోటర్ నడుస్తె మాట ఇనబడది. మోటర్ బందయితె మాట్లాడెటోడు ఉండడు. గట్ల ఏండ్లకేండ్లు పోయినయ్ బిడ్డా."

రిటైర్ అయినంక మెదక్‌ల తమ్ముని బిడ్డ ఇంటికొచ్చి ఉంటున్నడు. వచ్చిన వారంల ఒకనాడు కూరగాయలకు బయలెల్లితె రోడ్డు మీద ధర్నా నడుస్తుండె. ఏందని ఆగిండు. కూసున్నోళ్లు జరిగి జాగ ఇచ్చిండ్రు, కూసున్నడు. ఎవలో నీళ్ల ప్యాకెట్ చేతుల పెట్టిండ్రు. పక్కనున్నాయన, ఏ ఊరు కాకా అని అడిగిండు. అంతే జరిగింది. గని ఆ దినం ఇంటికి పోయినంక ఆయనకు కూరగాయలు తేలేదని యాదికి రాలె. తెల్లారి మళ్ల ఏడన్న మనుషులు జమైతున్నరా అని చూసుకుంట బయలెల్లిండు. అప్పటి నుంచి అదే పని.

అయితె ఆయనకు కొన్ని పట్టింపులున్నయి. రమ్మని పిలవకుండ బువ్వకు కూసోడు. స్టేజీ దిక్కు ఎన్నడు పోడు. ఏ మీటింగైనా ఆఖరున మాట్లాడెటాయనకు తప్పకుండ చప్పట్లు కొడతడు, ఎందుకంటె అప్పటికి సగం మంది లేచిపోయి ఉంటరు, ఆయన మనసు నొస్తది. సావుకు పోతె మాత్రం చివరి దాక నడుస్తడు. మా ఆయనకు ఈ సంగతులన్ని చెప్పిన. ఆయన, రేపు చాయ్‌కి మన దగ్గరికే రమ్మను అన్నడు.

కాక వచ్చుడు మొదలుపెట్టిండు. పొద్దుగాల గిరాకీ అయిపోయే టైముకు వచ్చి, స్టూడియో బల్ల మీద కూసొని ఆ దినం ఊర్ల ఏమేమి ఉన్నయో చెప్తడు. ఆయన దగ్గర సెల్లు లేదు. గోడల మీది ఫ్లెక్సీలు సదువుతడు, మైకు ఆటోలు ఇంటడు. టెంటు సామాన్లు ఏ గల్లీల దిగుతున్నయో చూసి, ఆ గల్లీల రేపు ఏం ఫంక్షనో చెప్పేస్తడు. కుర్చీలు తెల్లగుడ్డలతోని వస్తె లగ్గం, గుడ్డలు లేకుండ వస్తె మీటింగ్ అంటడు. నేను ఎక్కడ నిలబడాలెనో కూడ చెప్పెటోడు. ఒకసారి ఒక సభల నేను స్టేజీ దిక్కు జరుగుతుంటె నా మోచేయి పట్టి ఆపిండు.

"స్టేజీని అందరు తీస్తరు. నువ్వు ఆఖరి వరుస చూడు."

ఎనుకకు తిరిగి చూసిన. ఆఖరి వరుసల ఒకామె ఒడిల తట్ట పెట్టుకొని చిక్కుడుకాయలు ఏరుతున్నది. నాయకుడు మాట్లాడినంతసేపు తలకాయ ఎత్తలె. ఆయన జై అని ముగిచ్చే టైముకు ఆమె తట్ట నిండింది, లేచి చీర దులుపుకున్నది. ఆమెను మూడు సార్లు తీసిన. ఇన్నేండ్లల్ల నేను తీసిన వాట్ల నాకు అన్నిటికన్న నచ్చినయి అవే.

బడిల గోడ మీద ఫొటోలు పెట్టిన దినం టీచరు కాకను కూడ పిలిచింది. ఆయన గేటు కాడ్నే ఆగిండు. ఒకే తాత మళ్ల మళ్ల కనబడుతున్నడని పిల్లలు పొద్దుగాల్నే పసిగట్టిండ్రట. ఒక ఫొటో కాడికెల్లి ఇంకో ఫొటో కాడికి ఉరుక్కుంట తెల్లంగి తాతను ఎతుక్కునే ఆట ఆడుతున్నరు. ఆ తాతనే గేటు కాడ కనబడేసరికి ఇరవై ముప్పై మంది ఆయనను చుట్టుకొని లోపలికి గుంజుకొచ్చిండ్రు. కాక తన బొమ్మల దిక్కు చూడనే లేదు. పిల్లలకు పక్కనున్నోళ్లను చూపెట్టిండు. ఈ బ్యాండాయన బూర ఊదుతడు గని ఇంట్ల అసలు మాట్లాడడు, ఈమె కొడుకు మొన్న పోలీసు నౌకరి కొట్టిండు, ఈ మేక చేగుంటది, ఇది జర తెలివైంది. నేను తీసిన ఫొటోలల్ల ఇంతమంది సంగతులున్నయని నాకే తెల్వదు. పిల్లల ఎనుక నిలబడి నేను కూడ ఇన్న.

ఆ ఏడు వినాయకుని నిమజ్జనం నాడు పగటిపూట ఊరేగింపుల మస్తు రంగు చల్లిండ్రు. ఆ తర్వాత కాక రాలె. ఒక దినం, రెండు దినాలు, వారం. బతుకమ్మలు కూడ షురువైనయి. ఆడోళ్లు చౌరస్తా కాడ పూలు పెట్టి ఆడుతున్నరు. నేను కెమెరాల కన్ను పెట్టి చూస్తె రంగురంగుల చీరలన్ని ఉన్నయి, తెల్లంగి లేదు. ఫొటో మంచిగనే ఉన్నది గని నాకు బటన్ ఒత్త బుద్ధి కాలె.

తెల్లారి ఆయన తమ్ముని బిడ్డ ఇల్లు అడుగుకుంట పోయిన. మార్కెట్ ఎనుక గల్లీల చిన్న ఇల్లు. కాక మంచం మీద ఉన్నడు, కుడికాలుకు మోకాలు దాక పట్టి. నిమజ్జనంల రంగు నీళ్ల మీద జారిండట. దవాఖానల కట్టుకట్టి ఆరు వారాలు కదలొద్దన్నరట. ఆయన పరేషాన్ కాలు గురించి కాదు. సద్దుల బతుకమ్మ మూడు దినాలల్ల ఉన్నది, దసరా ఉన్నది, అవన్ని తను లేకుండ అయిపోతయని. ఆయన తమ్ముని బిడ్డ నన్ను వంటింట్లకు పిలిచి చెప్పింది. మంచం గుమ్మం కాడ ఎయ్యమంటడు, ఏసినం. ఇప్పుడు బయట అరుగు మీద ఎయ్యమంటున్నడు, ఈ గల్లీల ఎవలు వస్తరని చూస్తడక్కా, ఎదురుంగ గోడ తప్ప ఏం లేదు అన్నది.

నేను పెద్దగ ఏం చేయలె. పోతూ పోతూ చాయ్ హోటలాయనకు కాక కాలు ఇరిగిందని చెప్పిన, అంతే. ఆయన తన గిరాకీకి చెప్పిండు.

మర్నాడు సాయంత్రం పండ్లు తీసుకొని నేను, టీచరు పోయేసరికి ఆ గల్లీల నడిసేటందుకు జాగ లేదు, కాక మంచం అరుగు మీదికి వచ్చింది. బ్యాండు మాస్టర్ మందిని తీసుకొని వచ్చిండు, బూరలు గోడకు ఆనిచ్చి ఉన్నయి. పోతరాజాయన ప్యాంటు షర్టుల వచ్చిండు, గొంతు ఇన్నంక గని నేను గుర్తుపట్టలె. రెండు పార్టీలోళ్లు వచ్చి అరుగుకు ఆ పక్కన, ఈ పక్కన నిలబడ్డరు. ఒక పెండ్లి కుటుంబం మొత్తం వచ్చింది. ఆ పెండ్లి పెద్దాయన, బ్యాండు మాస్టర్ ఒకరినొకరు చూసుకొని, మీ మనిషి గద అంటె మీ మనిషి గద అనుకున్నరు. ఎవలికి ఏమైతడో తేలక అరుగు మీద కాసేపు పంచాయితి నడిసింది. ఆఖరికి కాకనే మంచం మీదికెల్లి తనది కుల్చారం దిక్కు అని, పంపుహౌజు ముచ్చట అందరికి చెప్పిండు. ఇంట్లకెల్లి ఆయన తమ్ముని బిడ్డ కూడ కొంగుతోని చేతులు తుడుసుకుంట వచ్చి ఇన్నది. తనకు కూడ పెద్దనాయిన ఎన్నడు ఇట్ల చెప్పలేదని తర్వాత నాతోని అన్నది.

అదే టైముకు చీరల సేల్ అని చెప్పుకుంట తిరిగే మైకు ఆటో గల్లీ మూలకు వచ్చింది. జనాన్ని చూసి డ్రైవర్ ఆగి సంగతి కనుక్కున్నడు. చీరల మాట మధ్యల ఆపి, మైకులనే అన్నడు.

"కాకా, జల్ది లేవాలె. నువ్వు లేకుంటె మీటింగులు సప్పగున్నయి."

జనమంత నవ్విండ్రు. కాక నవ్వబోయి, ఛత్రి కోసం తడుముకున్నట్టు కాలర్ మీద చెయ్యి పెట్టుకొని, మొకం అటు తిప్పుకున్నడు. నేను కెమెరా తీయలె. టీచరు నా దిక్కు చూసింది, ఎందుకు తీస్తలేవని. ఎందుకో నాకు అప్పుడు తీయ బుద్ధి కాలె.

సద్దుల బతుకమ్మ నాడు ఆ గల్లీ ఆడోళ్లు చౌరస్తాకు పోయే ముంగట అరుగు కాడ బతుకమ్మలు దించి, కాసేపు అక్కడ్నే ఆడిండ్రు. కాక మంచం మీద కూసొని చప్పట్లు కొడుతుంటె తాళం తప్పుతున్నదని ఒకామె కసిరింది. ఆయన సరిజేసుకున్నడు.

ఆరు వారాలకు పట్టి తీసిండ్రు. నవంబర్‌ల కట్టె పట్టుకొని స్టూడియోకు నడుసుకుంట వచ్చిండు. బతికే ఉన్ననని పెన్షన్ వాళ్లకు కాయితం ఇయ్యాలె, దాని మీద కొత్త ఫొటో అంటించాలె అన్నడు. స్టూలు మీద కూసోబెట్టిన. లైట్లు ఏసిన. ఇన్ని ఫొటోలల్ల ఉన్న మనిషి ఆ స్టూలు మీద కట్టెలెక్క బిగుసుకపోయిండు. కండ్లు పెద్దగ చేసిండు, పెదవులు కరుసుకున్నడు. నాలుగుసార్లు తీసిన, నాలుగుసార్లు గట్లనే వచ్చింది. ఏమైంది కాకా అని అడిగిన.

"ఒక్కన్నే ఎట్ల దిగాలె బిడ్డా? అలవాటు లేదు."

మా ఆయనను రమ్మన్న. ఆయన కాక కుడి పక్కన నిలబడ్డడు. చాయ్ గ్లాసులు ఇచ్చేటందుకు వచ్చిన హోటలాయనను ఎడమ పక్కన నిలబెట్టిన. అప్పుడే టీచరు పాస్‌పోర్ట్ ఫొటో కోసం వాళ్ల అమ్మను తీసుకొని లోపలికొచ్చింది, వాళ్లిద్దరిని ఎనుక నిలబెట్టిన. హోటలాయన గ్లాసుల ట్రే ఇడువలె. టీచరు వాళ్లమ్మ, ఇది ఏం ఫంక్షన్ బిడ్డా అని అడిగింది. కాక ఆమె దిక్కు తిరిగి నవ్వి, మళ్ల నా దిక్కు చూసిండు. ఒత్తిన.

పక్కనోళ్లను కత్తిరిచ్చి, కాక మొకం వరకు చిన్నగ చేసి ఎనిమిది కాపీలు ఇచ్చిన. పెన్షన్ ఆఫీసుల తీసుకున్నరు. కత్తిరియ్యని ఫొటో మా స్టూడియో అద్దాల షెల్ఫుల ఉన్నది. వచ్చినోళ్లు చూసి ఎవలింట్ల ఫంక్షన్ అని అడుగుతరు. మా ఇంట్లదే అని మా ఆయన చెప్తడు.